ఆ ఫారం అమ్మాయే నింపాలి

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు మాటలన్నీ ఒకటే. ఏ యూనివర్సిటీలో సీటొచ్చింది, ఐ-20 ఎప్పుడు పంపిస్తారు, బ్యాంకు ఎంత లోను ఇస్తుంది, ఇంటర్వ్యూ తేదీ దొరుకుతుందా, దొరకదా. ఒకప్పుడు ఈ కబుర్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖ దాటేవి కావు. ఇవాళ తణుకులో, నల్గొండలో, ప్రొద్దుటూరులో కూరగాయల బజారులో నిలబడ్డా వినిపిస్తాయి. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను కూడా దాటిపోయి మనం మొదటి స్థానానికి చేరాం. అందులో మన తెలుగు పిల్లల వాటా చిన్నదేమీ కాదని ఏ వీధిలో అడిగినా చెబుతారు.

సంతోషమే. కానీ ఈ సందట్లో నన్ను ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. అబ్బాయి విదేశం వెళతానంటే ఇంట్లో "ఎక్కడికి?" అని అడుగుతారు. అమ్మాయి వెళతానంటే "ఎందుకు?" అంటారు. కొడుకు కోసం పొలం తాకట్టు పెట్టడానికి వెనకాడని తండ్రి, కూతురి దగ్గరికి వచ్చేసరికి "ఆ డబ్బుతో పెళ్లే అయిపోతుంది కదా" అని వేళ్లు మడిచి లెక్కేస్తాడు. లేదంటే మరో సలహా సిద్ధంగా ఉంటుంది. "అమెరికా సంబంధం చూసి చేసేద్దాం, అక్కడికెళ్లి చదువుకుంటుందిలే."

ఈ "చదువుకుంటుందిలే" అన్న మాట ఎంతమంది అమ్మాయిల చేత ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య అంట్లు తోమించిందో! విద్యార్థిగా ఉన్న భర్త వెంట ఎఫ్-2 వీసా మీద వెళ్లిన భార్యకి అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. డిగ్రీ కోర్సులో పూర్తికాలం విద్యార్థినిగా చేరడానికీ వీల్లేదు. 2015 నుంచి పార్ట్ టైం చదువుకు మాత్రం అనుమతిస్తున్నారు. అంతకుమించి చదవాలంటే తన పేరు మీద విద్యార్థి వీసా హోదా కోసం మళ్లీ మొదటి నుంచీ దరఖాస్తు చేసుకోవాల్సిందే. భర్తది హెచ్-1బీ ఉద్యోగమై, ఆమె హెచ్-4 మీద వెళితే చదువుకోవచ్చు. ఉద్యోగం మాత్రం భర్త గ్రీన్ కార్డు వ్యవహారం ఒక దశకు చేరితే తప్ప కుదరదు. పెళ్లిచూపుల్లో ఈ సంగతులు ఎవరైనా చెబుతారా? అందుకే అమ్మాయికి చదువు మీద మనసుంటే ఆమె పేరు మీద, ఆమె చదువు కోసం వీసా తీసుకోవడమే మంచిది.

1883లో ఆనందీబాయి జోషి అనే పద్దెనిమిదేళ్ల మరాఠీ అమ్మాయి వైద్యం చదవడానికి ఓడెక్కి అమెరికా వెళ్లింది. బయల్దేరే ముందు సిరాంపూర్ కాలేజీలో నిలబడి, తానెందుకు వెళుతోందో నలుగురి ముందూ చెప్పింది. 1886లో ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఎవరు ఎన్ని అన్నా, ఎందుకు వెళుతున్నావన్న ప్రశ్నకి జవాబు ఆమె నోటి నుంచే వచ్చింది. ఈనాటి వీసా ఇంటర్వ్యూ కూడా సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతుంది. జవాబు మాత్రం మనం కన్సల్టెన్సీ వాళ్ల చేత రాయిస్తున్నాం.

అసలు ప్రక్రియ బ్రహ్మవిద్యేమీ కాదు. సీటు ఖాయమయ్యాక యూనివర్సిటీ వాళ్లు ఐ-20 పంపిస్తారు. సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టాలి. డీఎస్-160 అనే ఫారం నింపాలి. వీసా ఫీజు 185 డాలర్లు కట్టి తేదీ తీసుకోవాలి. ఒకరోజు వేలిముద్రలు, ఫొటో, మరోరోజు ఇంటర్వ్యూ. ఒకప్పుడు ఇందుకోసం మనవాళ్లు రాత్రంతా రైల్లో కూర్చుని మద్రాసు వెళ్లేవారు. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. 2023లో అది నానక్‌రాంగూడలోని కొత్త భవనానికి మారింది. ఇంటర్వ్యూ జరిగేది కొద్ది నిమిషాలే. ఈ కాలేజీయే ఎందుకు, డబ్బు ఎవరు పెడతారు, చదువయ్యాక ఏం చేస్తావు? ఎవర్ని అడిగినా దాదాపు ఇవే.

ఇంత సులువైన దాన్ని కొండంత చేసి చూపించే వాళ్లున్నారు. అందరు కన్సల్టెంట్లూ మోసగాళ్లని నేననను. బాధ్యతగా దారి చూపేవాళ్లూ ఉన్నారు. కానీ కొన్నిచోట్ల జరుగుతున్నది వేరు. ఫారం వాళ్లే నింపుతారు. అందులో ఈ-మెయిలూ వాళ్లదే, ఫోన్ నంబరూ వాళ్లదే. బ్యాంకులో లేని డబ్బు వడ్డీకి తెచ్చి నెలరోజులు "చూపిస్తారు". చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం పుట్టిస్తారు. "మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అంటారు. అమ్మ సంతకం పెడుతుంది. అమ్మాయి కూడా పెడుతుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. తండ్రికి చిన్న టైలరింగ్ షాపు. తల్లి ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్ల చురుకైనది, మంచి మార్కులు. ఇంటర్వ్యూలో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "టైలరండీ" అని ఉన్నమాట చెప్పింది. ఫారంతో పాటు పెట్టిన కాగితాల్లో మాత్రం ఏడాదికి పాతిక లక్షల ఆదాయమున్న బట్టల వ్యాపారి అని ఉంది! ఆ రాసిన సంగతి పిల్లకు తెలియనే తెలియదు. వీసా రాలేదు. వారం రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదంటే నమ్మండి. తర్వాత తల్లీ కూతుళ్లిద్దరూ ఓ ఆదివారం కూర్చుని, ప్రతి గడీ చదువుకుంటూ తామే మళ్లీ నింపారు. కాగితాల్లో టైలరు అనే రాశారు. బ్యాంకు లోను ఎంతో, అమ్మమ్మ అమ్మిన స్థలం డబ్బు ఎంతో కాగితాలతో సహా చూపించారు. పాత కాగితాల్లో తప్పెలా దొర్లిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. రెండోసారి వీసా వచ్చింది. నిజం చెబితే వీసా తప్పకుండా వస్తుందని నేను మాటివ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. కానీ అబద్ధం బయటపడితే ఏమవుతుందో మాత్రం మీరు తెలుసుకోవాలి.

వీసా నిరాకరణలో రెండు రకాలున్నాయి. చాలామందికి వచ్చేది 214(బి) అనే సెక్షన్ కింద. ఆ దేశపు చట్టం ప్రకారం దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే అనుకుంటారు. కాదని నమ్మించాల్సిన భారం మన పిల్లలదే. నమ్మకం కుదరకపోతే ఆ రోజుకి వద్దంటారు. అది శాశ్వతం కాదు. ఫీజు మళ్లీ కట్టి మళ్లీ వెళ్లవచ్చు. రెండోది మోసం, తప్పుడు సమాచారం కింద ఇచ్చే నిరాకరణ. ఆ ముద్ర పడితే జీవితాంతం వెంటాడుతుంది. రేపు అక్కడున్న అక్క పురిటికి వెళదామన్నా, ఉద్యోగం మీద వెళదామన్నా అది అడ్డొస్తుంది. ఫారం ఎవరు నింపినా, అందులోని మాటలన్నీ నిజమని ఒప్పుకుని సంతకం చేసేది అమ్మాయే. నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారమే అడుగుతుంది కూడా.

కాలేజీ విషయంలోనూ అంతే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు చూసి కంటతడి పెట్టని తల్లి లేదు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వమే పన్నిన వల బయటపడింది. వంద మందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో ఎక్కువమంది మనవాళ్లే, తెలుగువాళ్లు చాలామంది. క్లాసులే లేని చదువు ఎక్కడైనా ఉంటుందా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. అమెరికా విదేశాంగ శాఖ తోడ్పాటుతో నడిచే ఎడ్యుకేషన్ యూఎస్ఏ సలహా కేంద్రాలు హైదరాబాదులోనూ ఉన్నాయి. వేలకు వేలు ఎక్కడో పోసే ముందు అక్కడికి ఒకసారి వెళ్లి రండి.

పైగా దారి ఇదివరకటిలా లేదు. 2025 మేలో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్నారు. ఇక్కడ తేదీ దొరక్కపోతే వేరే దేశానికెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే వెసులుబాటును 2025 సెప్టెంబరులో బిగించేశారు. అబద్ధానికి చోటు ఇంకా తగ్గింది.

ఇక తల్లులకి నాదొక మాట. లోను కాగితాల మీద సహ రుణగ్రహీతగా సంతకం పెడుతున్నారా? అప్పు తీరకపోతే బ్యాంకు వాళ్లు మీ దగ్గరికీ వస్తారు. మీ పుట్టింటివాళ్లిచ్చిన బంగారం, మీ పేరున ఉన్న ఇల్లు తాకట్టులోకి వెళుతున్నాయంటే వడ్డీ ఎంత, చదువుకునే రోజుల్లో కూడా అది పెరుగుతుందా, వీసా రాకపోతే సంగతేమిటి అని మేనేజరును అడగండి. అడిగితే చిన్నతనమేమీ లేదు. కొడుకు కోసమైనా, కూతురి కోసమైనా అంతే. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్పుల్లో 30 శాతం అమ్మాయిలకే కేటాయించారు. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి ఉంది. అర్హత ఉండీ అడగకపోవడం మన పొరపాటవుతుంది.

చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేస్తామంటే తప్పకుండా చేయండి, నమ్మకం మనకి బలం. ఆ తిరిగొచ్చే దారిలో అమ్మాయితో ఇంకో మాట కూడా ఖాయం చేసుకోండి. ఒకసారి వీసా రాకపోతే మర్నాడే పెళ్లి సంబంధాల ఫొటోలు బయటికి తియ్యమని. అబ్బాయికి రాకపోతే "వచ్చే సీజన్‌కి చూద్దాంలే" అంటాం కదా, ఆ మాట అమ్మాయికీ చెందాలి. పక్కింటివాళ్లు "రాలేదటగా?" అని అడిగితే "మళ్లీ వెళుతుంది" అని మీరే జవాబు చెప్పండి. ఆ మాట అమ్మ నోట వింటే పిల్లకి సగం ధైర్యం వస్తుంది.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా దరఖాస్తు చేస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. కాగితాల్లో నాన్నగారి ఉద్యోగం ఏమని రాశారు? ఆదాయం ఎంతని రాశారు? ఫారంలో ఉన్న ఫోన్ నంబరు ఎవరిది? నువ్వు చదవబోయే కోర్సేమిటో నాకర్థమయ్యేలా తెలుగులో చెప్పగలవా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన అమ్మాయి, నానక్‌రాంగూడలో ఆ అద్దం కిటికీ ముందు కూడా తలెత్తుకునే నిలబడుతుంది.