మోషేకు రాయి వేశారు, మన గిటారు తమ్ముడికి కుర్చీ వేయలేమా?



ఈ వారం కొంచెం గట్టిగా రాస్తున్నాను. నొచ్చుకున్నా సరే, చివరిదాకా చదవండి.

మన పల్లె సంఘాలలో గిటారు వాయించే పిల్లవాడు "అయ్యగారూ, భుజం లాగేస్తోంది" అంటే అతనికి దొరికే జవాబులు మూడు. "అది సాతాను శోధన, గద్దించు." "అది నీ సిలువ, మోయాలి." "దేవుని కోసం వాయించేవాడికి నొప్పేమిటి? విశ్వాసం తగ్గింది." ఇక పిల్లవాడు నోరెత్తడు. మందుల షాపులో నొప్పి బిళ్ల కొని మింగి, ఆదివారం మళ్లీ గిటారు తగిలించుకుని నిలబడతాడు.

ఈ మూడు జవాబులూ తప్పు. లేఖనాలకే విరోధం.

ముందు ఆ నొప్పి ఎక్కడినుంచి వస్తుందో చూడండి. గిటారును తూకం వేస్తే రెండు కేజీలు, కొంచెం అటూ ఇటూ. మిరప టిక్కీలు ఎత్తే ఊళ్లో రెండు కేజీలు కూడా ఒక బరువేనా అని నవ్వుతారు. అసలు సంగతి బరువు కాదు. మన పిల్లల దగ్గర ఉండేవి ఎక్కువగా పెద్ద పొట్ట గిటార్లు. ఆ పొట్ట మీదుగా చేయి వేసి తీగలు మీటాలంటే కుడి భుజం పైకి లేచే ఉండాలి. పట్టీ ఎడమ భుజం మీద, మెడకు దగ్గరగా ఒరుస్తుంది. వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడానికి మెడ వంగి ఉంటుంది. చవక గిటారులో తీగలు బాగా ఎత్తుగా ఉంటాయి, గట్టిగా నొక్కితే గాని పలకవు. వేళ్లు బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ముంజేయి బిగిస్తే భుజం బిగుస్తుంది. ఒక్క పాటకైతే ఏమీ కాదు. మూడు గంటల ఆరాధనకు అవుతుంది.

పైగా వారమంతా ఆ పిల్లవాడు ఏం చేస్తున్నాడు? మిరపచేలో 16 లీటర్ల మందు ట్యాంకు వీపున తగిలించుకుని సాళ్ల వెంట తిరుగుతున్నాడు. ట్యాంకు పట్టీ ఒరిసిన చోటే ఆదివారం గిటారు పట్టీ పడుతుంది. అందరికీ విశ్రాంతి దినం గురించి బోధిస్తాం. ఆ భుజానికి విశ్రాంతి దినం ఏది?

నిర్గమకాండము 17వ అధ్యాయం తెరవండి. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం. మోషే చేయి ఎత్తి ఉంచితే ఇశ్రాయేలు గెలుస్తోంది, దించితే అమాలేకు గెలుస్తున్నాడు. మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఆయన విశ్వాసాన్ని తూచలేదు. మొదట ఒక రాయి తెచ్చి వేసి కూర్చోబెట్టారు. తరువాత చెరొక ప్రక్క నిలిచి, ప్రొద్దు క్రుంకేదాకా ఆయన చేతులను ఆదుకున్నారు. దేవుని కర్రను పట్టుకున్న మోషేకే చేతులు నొచ్చాయి. మన తమ్ముడికి నొస్తే తప్పేమిటి?

కూర్చుని వాయిస్తే సన్నిధికి అమర్యాద అనే పెద్దలు ఆ రాయిని ధ్యానించాలి. వేదిక మీద మాకూ, బయటినుంచి వచ్చిన దైవజనులకూ తువాలు పరిచిన కుర్చీలు వేస్తారు. బోధకుడు కూర్చుంటే గౌరవం, వాయించేవాడు కూర్చుంటే అమర్యాదా? ఏ అధ్యాయంలో ఉంది అది?

ఒకరు అడగవచ్చు: "సంఖ్యాకాండము 7లో కహాతీయులకు బండ్లు ఇవ్వలేదు, పరిశుద్ధ వస్తువులను భుజాల మీదనే మోయాలి కదా?" నిజమే. అదే గ్రంథంలో 4వ అధ్యాయం కూడా చదవండి. ఆ మోత 30 ఏళ్లు మొదలుకొని 50 ఏళ్ల వరకే. 8వ అధ్యాయంలో, 50 ఏళ్లు దాటిన లేవీయుడు ఆ సేవ మాని తోటివారికి సాయంగా ఉండాలి. భుజం మీద మోయమన్న దేవుడే ఆ భుజానికి హద్దు పెట్టాడు.

దావీదు కాలంలో గానసేవకు 288 మంది ఉన్నారు. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో చీట్లు వేసి 24 వంతులు చేశారు. 9వ అధ్యాయం చూస్తే, రాత్రింబగళ్లు సేవలో ఉండే గాయకులను వేరే పనులనుంచి విడిపించారు. మరి మన దగ్గర? ఒక్కడే. ఆదివారం ఆరాధనకు అతనే, ఉపవాస ప్రార్థనకు అతనే, గృహకూడికకు అతనే. డిసెంబరు వచ్చిందంటే మంచులో ఇంటింటికీ క్యారల్స్‌కు అతనే. చివరికి సౌండు బాక్సులు మోసేదీ అతనే.

బైబిలు కాలం వేరంటారా? మన నేల సంగతే చెబుతాను. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి కాలం అది. ఆ సంఖ్యను కన్వెన్షన్లలో ఎంతో ఘనంగా చెప్పుకుంటాం. ఆ పని ఎలా జరిగిందో మాత్రం చెప్పుకోం. ఆరుగురు బోధకులు వంతులు వేసుకున్నారు. ఒకసారికి ఇద్దరే నీళ్లలో ఉండేవారు. వారు అలసినప్పుడు ఇంకో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం కొంతసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మన ప్రాంతంలో అంతటి ఉజ్జీవం అలసిన చేతులను మార్చుకుంటూ నడిచింది. చేతులు మార్చుకున్నందుకు ఆత్మ ఆరిపోలేదు.

ఇక సిలువ మాట. ప్రభువు ఎత్తుకోమన్న సిలువ, ఆయన నామం కోసం మనం పడే నింద, నష్టం, మన ఇష్టాన్ని మనం చంపుకోవడం. సన్నటి పట్టీ సిలువ కాదు. కుర్చీ వేయని సంఘం నిర్లక్ష్యం అసలే సిలువ కాదు. మత్తయి 23లో ప్రభువు పరిసయ్యులను దేనికి గద్దించాడు? మోయలేని బరువులు మనుషుల భుజాల మీద పెట్టి, తాము మాత్రం వేలితోనైనా కదపనందుకు. భుజాలు అనే మాట అక్కడే ఉంది. ఆ మాట చదివినప్పుడు మా కాపరులకూ, సంఘ పెద్దలకూ భయం వేయాలి.

నూనె రాసి ప్రార్థన చేయవద్దా? చేయాలి. యాకోబు పత్రిక చెప్పింది, నేనూ చేస్తాను. కానీ మంచి సమరయుడు నూనె పోసి తన దారిన వెళ్లిపోలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, రెండు దేనారములు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే నేనే ఇస్తానన్నాడు. పౌలు కూడా తిమోతి కడుపు జబ్బుకు విశ్వాసం చాలలేదనలేదు, ఏం పుచ్చుకోవాలో రాశాడు.

కాబట్టి తమ్ముడూ, చెల్లెమ్మా, వినండి. నొప్పి మీద వాయించకండి. అరగంటకోసారి గిటారు దించి భుజాలు వదులు చేసుకోండి. వెడల్పాటి పట్టీ కట్టండి. చేతులు లేని కుర్చీలో కూర్చుని, గిటారు తల కొంచెం పైకి ఉండేలా పట్టుకోండి. సన్న తీగలు వేయించి, తీగల ఎత్తు తగ్గించుకోండి. కొత్తది కొనేటప్పుడు చిన్న పొట్టది చూడండి. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, పైకి లేవకపోయినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా ఊళ్లో సూదితో సరిపెట్టుకోకుండా గుంటూరు పెద్దాసుపత్రిలోనో ఒంగోలు రిమ్స్‌లోనో ఎముకల డాక్టరుకు చూపించండి. నలభై దాటి షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువ, మరింత జాగ్రత్త. ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీ బరువైతే, చెమటలు పడితే, అది గిటారు నొప్పి అనుకోవద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

సంఘ పెద్దలారా, మీరు చేయాల్సినవి మూడే. కుర్చీ వేయండి. ఇంకొకరికి గిటారు నేర్పించి వంతులు పెట్టండి. డాక్టరు ఖర్చు కానుకలలోనుంచి ఇవ్వండి. సౌండు బాక్సులకు డబ్బు దొరికిన సంఘానికి ఒక భుజానికి డబ్బు దొరకదా? ఇద్దరూ రాలేని ఆదివారం చప్పట్లతో, కంజీరతో పాడుదాం. మన అవ్వలు, తాతలు పాడిన పాటలు గిటారు లేకుండానే పరలోకానికి చేరాయి.

ఆరాధనను ప్రేమిస్తున్నామంటే సరిపోదు, ఆరాధనను మోస్తున్న భుజాన్ని కూడా ప్రేమించాలి. అహరోను, హూరుల మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.