రంగు లేని బండి

టెస్లా సైబర్‌ట్రక్‌ని చూసిన ప్రతివాళ్లూ దాని కోణాల మొహం గురించే మాట్లాడతారు. నా కంటికి మాత్రం ముందు ఆనింది దాని ఒంటిమీద లేని రంగు. కార్ల ఫ్యాక్టరీలో డబ్బునీ, జాగానీ, కరెంటునీ తెగ మింగేది పెయింట్ షాపు. స్టెయిన్‌లెస్ స్టీలు తొడిగితే ఆ గోలే ఉండదు. కాకపోతే ఆ ఉక్కు మహా మొండిది, ప్రెస్సులో వంపులు తిరగదు. అందుకే ఆ చదును పలకలని 2019లో టెస్లా అధినేత ఇలాన్ మస్కే చెప్పాడు. రంగు లేకపోతే ఖర్చు తగ్గుతుందన్న లెక్క పారలేదనుకోండి. 39,900 డాలర్ల నుంచి మొదలన్న ధర, 2023 నవంబరులో డెలివరీలు మొదలయ్యేసరికి చవక మోడలుకే 60,990 అయింది. 2025 మార్చిలో ఉక్కు పట్టీ ఊడొచ్చని 46 వేల బండ్లను వెనక్కి పిలిచారు. అయినా అసలు ఎత్తుగడ ఆ రేకు కింద ఉందని నా అనుమానం. 12 వోల్టుల బదులు 48 వోల్టుల వైరింగు పెట్టారు: అంతే పనికి నాలుగో వంతు కరెంటు చాలు, తీగలు సన్నబడతాయి. స్టీరింగుకీ చక్రాలకీ మధ్య ఇనుప కడ్డీయే లేదు, అంతా వైర్ల మీదే. లక్షల్లో అమ్ముడయ్యే టెస్లా మోడల్ వై లాంటి కారులో ఇలాంటివి మొదటిసారి పెట్టే ధైర్యం ఏ కంపెనీకుంటుంది? వింత బండిని కోరి కొన్నవాడు చిన్నాచితకా లోపాల్ని మన్నిస్తాడు, పైగా నలుగురికీ చూపించుకుంటాడు. ఆ 48 వోల్టుల వివరాల్ని మస్క్ పోటీ కంపెనీలకూ పంపాడు. ట్రక్కుగా దీన్ని కొనమని నేనెవరికీ చెప్పను. ఇవే వైర్లతో మామూలు కారొకటి రానివ్వండి, అప్పుడు బేరమాడదాం.