చదివింది సరే, అర్థమైందా?

పరీక్ష రోజు నిమిషానికి ఎన్ని మాటలు చదివారో లెక్కపెట్టి గడి నింపమంటారు. నింపుతాం. గోండి ఇంటి పిల్ల తెలుగు పేరా గడగడా చదివేస్తుంది. "కథలో ఏమైందమ్మా?" అంటే తల వంచుకుంటుంది. గడిలో "చదవగలదు" అని రాస్తాం. ఇంకొక పిల్లవాడు తడబడుతూ చదివి, కథంతా గోండిలో పూసగుచ్చినట్టు చెబుతాడు. వాడి పేరు పక్కన "వెనుకబడ్డాడు" అని రాస్తాం. ఇదేం న్యాయం?

1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు ఒక లెక్క చెప్పారు. రాతను పలకగలగడం, ఆ భాష అర్థం కావడం: ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే చదివి గ్రహించడం. కూడితే కాదు, గుణిస్తే. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మన పిల్లలకు భాష లేక కాదు, బడి వాళ్ల భాషలో అడగక ఈ సున్నా వస్తోంది.

2021 నాటి నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు అర్థంతో చదవాలంది. మన బడికొచ్చేసరికి 60 మిగిలింది, అర్థం జారిపోయింది.

దారి తెలియకా? ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే గోండి, కోయ, కువి, సవర వంటి ఎనిమిది భాషల్లో చదువు మొదలుపెట్టి చూశాం.

పైవాళ్లను తిడితే చాలదు. గడి నింపే చెయ్యి మనదే. తెలుగు వద్దనడం లేదు, అర్థమయ్యే తెలుగు కావాలంటున్నాం. ప్రశ్న ఇంటి భాషలో అడుగుదాం. జవాబు ఇంటి భాషలో వస్తే మార్కు వేద్దాం. టీచరుకు ఆ భాష రాకపోతే, ఊళ్లో చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు బడికొచ్చి పక్కన కూర్చోవాలి.