లెక్కా పత్రం: బ్రేకు గంట ఎవరి ఖాతాలో?

ఈ మధ్య మన సభ్యుల్లో చాలామందికి ఒక కొత్త పని తగులుతోంది. సెలవురోజు సాయంత్రం కాఫీ తాగుతూ కూర్చుంటే జగిత్యాల వైపు కుర్రాడో, కోనసీమ కుర్రాడో జీతం చీటీ పట్టుకుని వస్తాడు. “అన్నా, ఈ నెల పైసలు తక్కువ పడ్డయి, జర చూడు” అంటాడు. మనలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, కోట్ల దిర్హాముల ఖాతాలు ఆడిట్ చేసేవారూ ఉన్నారు. కానీ ఆ చిన్న చీటీ ముందు అందరూ తల గోక్కునేవారే! మనకు నెల జీతం తెలుసుగాని గంట జీతం తెలియదు. అందుకని ఈసారి శీర్షిక ఆ చీటీకే కేటాయిస్తున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఇలా వచ్చేవారిలో ఎక్కువమంది నైఫ్‌లో పనిచేసేవారే. 1939లో కట్టిన కోట చుట్టూ బట్టల కొట్లు, సెంటు కొట్లు, మొబైల్ కొట్లు, కార్గో ఆఫీసులు, కెఫెటేరియాలు ఎంత కిక్కిరిసి ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. అక్కడ చాలా కొట్లకు రోజు రెండు ముక్కలు. పొద్దున తెరిచి మధ్యాహ్నం మూస్తారు, మళ్లీ సాయంత్రం తెరిచి రాత్రి దాకా ఉంటారు. మధ్య గంటలకు జీతం లేదు. మూయని కొట్లలో ఒక గంట బ్రేకు ఇస్తారు, దానికీ జీతం లేదు. తగాదా అంతా ఈ జీతంలేని గంట దగ్గరే మొదలవుతుంది.

ముందు చట్టం సంగతి. 1980 నాటి 8వ నంబరు చట్టం పోయి, 2021 నాటి 33వ నంబరు డిక్రీ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. వరుసగా 5 గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదు. విరామాలన్నీ కలిపి గంటకు తగ్గకూడదు. ఆ విరామం పని గంటల్లో చేరదు. పాత చట్టంలో కొట్లకు, హోటళ్లకు, కాపలాదార్లకు 9 గంటలుండేవి. నైఫ్‌లో పాతకాపు మేనేజర్ల నోట ఆ తొమ్మిది ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. కొన్ని రంగాలకు వేళలు మార్చే వీలు కొత్త చట్టంలోనూ ఉంది గనుక, ముందు ఒప్పందం కాగితంలో ఎన్ని గంటలని రాశారో చూడండి.

ఇప్పుడు లెక్క. బేసిక్ 1,200, అలవెన్సులు 600 అనుకుందాం. మామూలుగా ఆఫీసుల్లో నెలను 30తో భాగిస్తారు. బేసిక్ రోజుకు 40 దిర్హాములు, 8తో భాగిస్తే గంటకు 5. ఇంతవరకు పేచీ లేదు. కుర్రాడు కొట్లో ఉండేది 9 గంటలు, అందులో ఒక గంట బ్రేకు. తొమ్మిదిలోంచి ఒకటి తీస్తే ఎనిమిది. జీతం ఆ ఎనిమిదికే కట్టారు. అంటే బ్రేకు ఇప్పటికే బయట ఉంది! అయినా ఒక చీటీలో “బ్రేకు కోత, 26 గంటలు, 130 దిర్హాములు” అని ఉండటం నేను కళ్లారా చూశాను. తొమ్మిదిలోంచి తీయవలసిన గంటను ఎనిమిదిలోంచి తీశారన్న మాట. బేసిక్‌లో పదోవంతుకు పైగా ఎగిరిపోయింది. అలా కోసిన కొట్టు పేరు ఇక్కడ అవసరం లేదు. చీటీ తీసుకుని నిలదీస్తే మరుసటి నెల సర్దారు.

ఇదే పని మరో దారిలో, కాస్త నాజూగ్గా చేసేవారున్నారు. ఓవర్‌టైం రేటు కట్టేటప్పుడు రోజు జీతాన్ని 9తో భాగిస్తారు. గంటకు 5 కావలసింది 4.44 అవుతుంది. ఓవర్‌టైంకి బేసిక్ మీద కనీసం 25 శాతం కలపాలి గనుక 6.25 రావలసిన చోట 5.55 చేతిలో పెడతారు. గంటకు డెబ్బై ఫిల్సులే కదా అనుకుంటాం. ఏడాది పాటు గుణించి చూడండి.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైంకి రెట్టింపు అని చెప్పింది. అది విని వచ్చినవారు ఇక్కడి పాతిక శాతం చూసి మోసం అనుకుంటారు. మోసం కాదు, ఇక్కడి చట్టమే అంత. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య ఓవర్‌టైం అయితే కనీసం 50 శాతం. షిఫ్టుల్లో పనిచేసేవారికి ఆ రాత్రి రేటు వర్తించదు. ఈ ముక్క తెలియక వాదనకు దిగి అభాసుపాలైనవారున్నారు.

ముక్కల రోజు లెక్క చూద్దాం. పొద్దున 9 నుంచి 1.30, సాయంత్రం 5 నుంచి 10. మొదటిది నాలుగున్నర, రెండోది ఐదు, మొత్తం తొమ్మిదిన్నర గంటలు. ఎనిమిది పోగా ఒకటిన్నర ఓవర్‌టైం. 26 రోజులకు 39 గంటలు, 6.25 చొప్పున 243.75 దిర్హాములు. ఇక్కడ గుమాస్తాల చేతిలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. గంటన్నరను గడియారంలో చూసినట్టు 1.30 అని రాసి, అదే అంకెను మిషన్లో గుణించేస్తారు. 211.25 వస్తుంది. 32.50 దిర్హాములు ఎవరూ దొంగిలించకుండానే మాయం! అరగంట అంటే 0.50, ముప్పావు గంట అంటే 0.75. నిమిషాలను 60తో భాగించాకే గుణకారం.

ఇంకో చిక్కుంది. ఓవర్‌టైం రోజుకు 2 గంటలు దాటకూడదు, మొత్తం పని ఏ మూడు వారాల్లోనూ 144 గంటలు మించకూడదు. 48ని మూడుతో గుణిస్తే వచ్చేదే 144. పైన చెప్పిన కుర్రాడు వారానికి ఆరు రోజుల చొప్పున మూడు వారాల్లో 171 గంటలు నిలబడ్డాడు. అంటే ఓవర్‌టైం అప్పుడప్పుడు పడే పనేగాని రోజువారీ పద్ధతి కాదు. ఈ హద్దు చూపి చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టడం మాత్రం కుదరదంటాను.

మరి బ్రేకులో గల్లాపెట్టె దగ్గరే కూర్చుని తినమంటే? ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో బిల్లు! అది బ్రేకు కాదు, పనే అని నా అభిప్రాయం. అయితే రుజువు కావాలి. అందుకే కుర్రాళ్లకు ఒక చిన్న నోటుపుస్తకం కొనివ్వండి. వచ్చిన వేళ, బ్రేకుకు వెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ, దిగిన వేళ, ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున గుర్తుచేసుకుని రాసింది ఎవరూ నమ్మరు. రంజాన్ నెలలో రోజుకు రెండు గంటలు తగ్గుతాయి, అది మతంతో పని లేకుండా అందరికీ. ఆ తేదీలు విడిగా గుర్తుపెట్టాలి.

యజమాని వినకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 2024 నుంచి 50,000 దిర్హాముల లోపు తగాదాలను ఆ శాఖే తేల్చే ఏర్పాటు వచ్చింది.

మన ఇళ్లలో వంటకు, పిల్లల్ని చూడటానికి ఉన్నవారికి ఈ చట్టం కాదు, 2022 నాటి 9వ నంబరు డిక్రీ చట్టం. అందులో రోజుకు 12 గంటల విశ్రాంతి, దానిలో వరసగా కనీసం 8 గంటలు ఉండాలన్నారు. కొట్టు యజమాని మీద కోపం తెచ్చుకునేముందు మన వంటింటి గడియారం కూడా ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

వచ్చే నెల గ్రాట్యుటీ లెక్క. పాత చీటీలుంటే పారేయకుండా దాచి ఉంచండి.