క్రోమ్ చక్రాల బేరం: చూడవలసింది నికెల్

స్పోర్ట్స్ కార్ల అల్యూమినియం చక్రాలకు వేసే పూతను అందరూ క్రోమ్ అంటారు. బిల్లులోనూ క్రోమ్ అనే వ్రాస్తారు. కొన్నవాడు డబ్బు చెల్లించేది మాత్రం నికెల్‌కు. పైన మెరిసే క్రోమియం పొర ఒక కప్పు టీ ఖరీదు చేయదు. ఈ సంగతి పూత వేసేవారికి బాగా తెలుసు. సరుకు కొని అమ్మే వర్తకులలో చాలామంది పట్టించుకోరు. అందుకే ఈ సరుకులో నాణ్యతకూ ధరకూ పొంతన లేకుండా పోతున్నది.

లెక్క చూస్తే విషయం తేలుతుంది. ఒక చదరపు మీటరు ఉపరితలానికి 40 మైక్రాన్ల మందాన నికెల్ వేస్తే సుమారు 356 గ్రాముల నికెల్ పడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దానిమీద క్రోమియం పావు మైక్రానే. బరువు 2 గ్రాములకు లోపు. అంటే నికెల్ 200 పాళ్ళు ఉంటే క్రోమియం ఒక పాలు. నికెల్ టన్ను 15,000 డాలర్లు ఉన్నప్పుడు ఆ చదరపు మీటరుకు నికెల్ ఖర్చు 5 డాలర్ల పైచిలుకు. అదే టన్ను 50,000 అయితే దాదాపు 18 డాలర్లు. ఈ రెండో అంకె ఊహించి చెప్పినది కాదు. 2007 మే నెలలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో నికెల్ 50,000 డాలర్లు దాటింది. 2022 మార్చి 8న ఏకంగా లక్ష డాలర్లు దాటడం, ఎక్స్ఛేంజి వారు వ్యాపారం నిలిపివేసి ఆనాటి లావాదేవీలు రద్దు చేయడం లోహాల బజారులో ఉన్నవారెవరూ మరచిపోలేదు.

క్రోమియంకు అటువంటి బహిరంగ బజారు లేదు. లండన్ ఎక్స్ఛేంజిలో దాని వాయిదా వ్యాపారం జరగదు. ఖనిజం దక్షిణాఫ్రికా నుంచి ఎక్కువగా వస్తుంది. మన దేశంలో ఒడిశాలోని సుకింద లోయ దీనికి ముఖ్యస్థానం. క్రోమ్ ఖనిజం తేజీగా ఉన్నదని విని చక్రాల ధర పెంచేవారు, మందగించిందని విని తగ్గించమని అడిగేవారు ఇద్దరూ పొరపడుతున్నట్టే. ఈ సరుకు ధర కనిపెట్టదలచినవారు ఇండోనేషియా వైపు చూడాలి. 2020 జనవరిలో ఆ దేశం నికెల్ ముడిఖనిజం ఎగుమతిని నిషేధించి, శుద్ధి కర్మాగారాలను తమ గడ్డమీదికే రప్పించుకున్నది. అప్పటినుంచి ప్రపంచపు నికెల్ సరఫరాకు పగ్గాలు చాలావరకు అక్కడే ఉన్నాయి.

నికెల్ ధర పెరిగినప్పుడు పూత కర్మాగారానికి అన్నిటికంటే సులువైన పొదుపు మందం తగ్గించడం. 40 మైక్రాన్లకు బదులు 25 వేస్తే కంటికి తేడా కనిపించదు. అదే మెరుపు, అదే నునుపు. మన కృష్ణా జిల్లావారికి ఇది కొత్త కాదు. చిలకలపూడి నగ మొదటిరోజు బంగారు నగ పక్కన పెట్టినా దిగదుడుపు అనిపించదు. కాకపోతే చిలకలపూడి వర్తకుడు అది పూత నగ అని చెప్పే అమ్ముతాడు, పూతను బట్టే ధర చెప్తాడు. క్రోమ్ చక్రాల వ్యాపారంలో ఆ పద్ధతి ఇంకా రాలేదు.

అల్యూమినియం మీద పూత నిలవడమే కష్టం. గాలి తగిలిన మరుక్షణం ఆ లోహం మీద ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. దానిమీద నికెల్ అంటుకోదు. అందుచేత పోత చక్రాన్ని ముందు పాలిష్ చేసి, ఆమ్లాలలో కడిగి, జింకేట్ ద్రావణంలో ముంచి పలుచని జింకు పొర ఎక్కిస్తారు. తర్వాత రాగి, దానిమీద రెండు రకాల నికెల్, చివరికి క్రోమియం. నికెల్ రెండు రకాలు ఎందుకన్నదే అసలు కిటుకు. అడుగున వేసే సెమీ బ్రైట్ నికెల్‌లో గంధకం దాదాపు ఉండదు. పైన వేసే బ్రైట్ నికెల్‌లో ఉంటుంది. క్రోమియం పొరలోని సన్నని రంధ్రాలగుండా ఉప్పునీరు దిగినప్పుడు పైపొర తాను తినబడుతూ తుప్పును పక్కలకు మళ్ళిస్తుంది. అడుగు పొర చెక్కుచెదరదు. రెండు తొట్ల ఖర్చు ఎందుకని ఒకే నికెల్‌తో సరిపెట్టుకుంటే ఉప్పునీరు సూటిగా అల్యూమినియం దాకా దిగుతుంది. అక్కడ పొక్కులు లేచి, పూత పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పెచ్చు అంచు బ్లేడులా ఉంటుంది, చేతులు కోసుకుంటాయి. టైరు కూర్చునే అంచు దగ్గర ఊడితే గాలి కూడా నిలవదు.

ఈ వ్యాపారానికి పుట్టిల్లు అమెరికా. ఆరో తరం షెవర్లే కార్వెట్‌కు, అంటే 2005 నుంచి 2013 వరకు వచ్చిన కార్లకు, క్రోమ్ అల్యూమినియం చక్రాలను కంపెనీయే అదనపు ధరకు ఇచ్చింది. పాత చక్రాలు ఇచ్చి పూత వేసినవి తీసుకునే మార్పిడి వ్యాపారం కూడా అక్కడ ఉంది. చలికాలంలో మంచు కరగడానికి అక్కడి ఉత్తరాది రోడ్లమీద ఉప్పు చల్లుతారు. పూత నాణ్యత బయటపడేది ఆ కాలంలోనే. మన విశాఖ, కాకినాడ సముద్రపు గాలి కూడా పలుచని పూతను దయతలచదు.

కొనేవారు తరచు పట్టించుకోని చిక్కు మరొకటి ఉంది. విద్యుత్తు ఎత్తైన చోట్లకు ఎక్కువగా, లోతైన చోట్లకు తక్కువగా పారుతుంది. పూత కూడా అంతే. స్పోర్ట్స్ కారు చక్రం అంటేనే లోతైన గిన్నె ఆకారం, సన్నని ఆకులు, బోల్టుల గుంటలు. ఆకు నెత్తిన 50 మైక్రాన్లు పడితే మూలలో 15 కూడా పడకపోవచ్చు. తుప్పు మొదలయ్యేది ఆ మూలలోనే. కాబట్టి సగటు మందం ఇంత అని అమ్మకందారు చూపించే కాగితానికి విలువ లేదు. ఒప్పందంలో వ్రాయవలసింది కనిష్ఠ మందం, అదీ ఏ చోట కొలవాలో చెప్పి మరీ. అమెరికా ప్రమాణం ఏ.ఎస్.టి.ఎం. బి 456 నికెల్ క్రోమియం పూతలను వాడకపు తీవ్రతను బట్టి తరగతులుగా విభజించింది. ఏ తరగతి అన్నది బిల్లులో పడితే తగాదాలు సగం తగ్గుతాయి.

చక్రం జీవితం కారు మీద ముగిసిన తర్వాతే అసలు తూనిక బేరం మొదలవుతుంది. అమెరికా తుక్కు వర్తకుల సంఘం వాడే కోడ్ పదాలలో అల్యూమినియం చక్రాలకు ట్రోమా అని పేరు. దాని నిర్వచనంలోనే పూత లేనివి అని స్పష్టంగా ఉంది. కారణం సులువుగా గ్రహించవచ్చు. చక్రాలను ఎక్కువగా పోతపోసే ఏ356 మిశ్రమంలో నికెల్‌కు ప్రత్యేకంగా చోటు లేదు. ఇతర లోహాల కింద ఒక్కొక్కటి 0.05 శాతం మించరాదు. ఒక చక్రం మీద 350 గ్రాముల నికెల్ ఉన్నదనుకుంటే, అది కరిగి 700 కిలోల లోహాన్ని ఆ హద్దు దాకా తెస్తుంది. లాటులో పదిహేను ఇరవై క్రోమ్ చక్రాలు కలిపి పంపినవాడు ఎదుటివాడి కొలిమికి ఎంత చేటు చేశాడో చెప్పనక్కరలేదు.

అయితే క్రోమ్ చక్రం పనికిరాని తుక్కు అని సగం ధరకు అడిగే దళారీ మాట కూడా నమ్మరాదు. డై కాస్టింగుకు వాడే ఏడీసీ12 మిశ్రమంలో నికెల్ 0.5 శాతం దాకా చెల్లుతుంది. పిస్టన్ల మిశ్రమాలలో కొన్నింటికి నికెల్‌ను కావాలనే, డబ్బు పెట్టి కొని కలుపుతారు. సరుకు చేరవలసిన కొలిమి వేరు, అంతే. ఏరి వేరుచేసి తగిన చోటికి అమ్మగలిగినవారికి అందులో లాభమే ఉంటుంది. ఏరడం కూడా బ్రహ్మవిద్య కాదు. అల్యూమినియంను అయస్కాంతం పట్టదు, నికెల్‌ను పడుతుంది. దారానికి వేలాడదీసిన చిన్న బలమైన అయస్కాంతం నికెల్ పూత చక్రం వైపు వాలుతుంది, ఉత్త పాలిష్ చక్రం వైపు వాలదు. అమెరికా నుంచి తుక్కు తెప్పించేవారు, ఆటోనగర్లలో తూకానికి కొనేవారు జేబులో ఒకటి ఉంచుకోవచ్చు. అయితే తుక్కులో ఇనుప బోల్టు ఉన్నా అయస్కాంతం లాగుతుంది గనుక పరీక్ష ఆకు మీద చేయాలి.

ఇక పూత వ్యాపారానికే కాలం చెల్లిందన్న ప్రచారం ఒకటి ఉంది. 2023 మే నెలలో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఆమోదించిన నిబంధన దీనికి ఆధారం. అలంకారపు పూతలలో హెక్సావాలెంట్ క్రోమియం వాడకాన్ని 2027 జనవరి 1 నుంచి, ప్రత్యేక ఏర్పాట్లు చేసుకున్న కర్మాగారాలలో 2030 జనవరి 1 నుంచి మాన్పించాలన్నది దాని సారాంశం. ఆ రసాయనపు ఆవిరి ఊపిరితిత్తుల క్యాన్సరు కలిగిస్తుంది. తొట్టి దగ్గర నిలబడి పనిచేసే కూలీని చూసినా ఆ నిబంధనను తప్పు పట్టడానికి లేదు. కాని అది మార్చేది పైనున్న పావు మైక్రాన్‌ను తయారుచేసే పద్ధతిని మాత్రమే. దాని బదులు వచ్చే ట్రైవాలెంట్ క్రోమియం పూత కూడా నికెల్ మీదే కూర్చుంటుంది. నికెల్ గిరాకీకి దీనివలన వచ్చే నష్టం ఏమీ లేదు.

నష్టం వస్తే మరో దిక్కునుంచి రావాలి. శూన్యంలో లోహపు ఆవిరితో పూసే పీవీడీ పద్ధతిలో చక్రానికి ముందు పౌడర్ కోటింగు, దానిమీద అతి పలుచని లోహపు పొర, ఆపైన పారదర్శకమైన పూత వేస్తారు. నికెల్ తొట్టితో పని లేదు. దూరం నుంచి చూస్తే క్రోమే అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే మెరుపులో ఆ లోతు ఉండదని పాత క్రోమ్ అభిమానులు సణుగుతారు, అందులో కొంత నిజం లేకపోలేదు. ఈ సరుకూ క్రోమ్ పేరుతోనే చలామణి అవుతున్నది. ఇందులో నికెల్ లేదు గనుక నికెల్ ధర పెరిగిందని దీని రేటు పెంచమనే హక్కు అమ్మకందారుకు లేదు, నికెల్ పూత చక్రం ధర ఇమ్మనే హక్కు అసలే లేదు. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఏ పద్ధతి పూత, నికెల్ అయితే ఒక పొరా రెండు పొరలా, లోతైన మూలలో కనిష్ఠం ఎన్ని మైక్రాన్లు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకున్న తర్వాతే అడ్వాన్సు ఇవ్వడం మేలు.