గృహనిర్వహణము: ఇరుకు పడకటిల్లు

ఈ శీర్షికక్రింద వంటయింటిని గూర్చి పలుమారులు వ్రాసితిమి గాని, పడకటింటిని గూర్చి వ్రాయుటకు మాకేలనో కొంత సంకోచముగనే యుండెడిది. అది యొరులు తొంగిచూడరాని గది గదా! ఇంతలో పాలకుర్తినుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము మా సంకోచమును తొలగించినది. ఆమెకు క్రొత్తయిల్లు వచ్చినది. అందొక ముందుగది, ఒక వంటగది, ఒక పడకగది. పడకగది 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. అందు ఆమె పెండ్లినాటి జోడుమంచము, ఇనుపబీరువా, అద్దపుబల్ల, అత్తగారి కొయ్యసందూగ, పంటకాలమున ప్రత్తిమూటలును గలవు. పదవ తరగతి చదువుచున్న కుమార్తె రాత్రివేళ మంచమునకును బీరువాకును నడుమ నేలపై చాపవేసికొని పడుకొనును. చదువుకొనుటయు అచ్చటనే. ఇందేది తీసివేయవలెనో తోచుట లేదని యామె వ్రాసిరి.

గది చిన్నదే, కాదనము. తెలంగాణమున 2015లో మొదలైన రెండు పడకగదుల యిండ్లు 560 చదరపుటడుగుల లెక్కన కట్టబడినవి. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభమైన యిందిరమ్మ యిండ్లకు 5 లక్షల రూపాయల సాయముతో కనీసము 400 చదరపుటడుగులు కట్టుకొనవలెనని నియమము. ఇట్టి యింట పడకగది 100 చదరపుటడుగులకు అటునిటుగా నుండుట సహజము. దేశమంతటికి వర్తించు జాతీయ భవననిర్మాణ నియమావళి యొకేగది గల యింటికి 9.5 చదరపు మీటర్లును, రెండుగదులున్నచో రెండవదానికి 7.5 చదరపు మీటర్లును తక్కువపక్షపు కొలతగా నిర్ణయించినది. అనగా ఇంచుమించు 102 అడుగులు, 81 అడుగులు. మన సోదరి గది 90 అడుగులది. కావున ఆమె గది లోకమునకు మించిన యిరుకు గాదు. ఇరుకు వేరొకచోటనుండి వచ్చినది.

లెక్క చూతము. జోడుమంచము ఆరున్నర అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అదియే 32 అడుగుల పైచిలుకు. బీరువా నాలుగున్నర, అద్దపుబల్ల 3, సందూగ 6. మొత్తము 46. తలుపు లోపలికి తెరచుకొనుటకు మరియొక 7 అడుగులు విడువవలెను. మిగిలినది 37 అడుగులు. అదియు నొక్కచోట లేదు, ఇచ్చట జానెడు, అచ్చట మూరెడు చొప్పున ముక్కలై యున్నది. ముక్కలైన చోటు ఎవ్వరికిని పనికిరాదు.

మన పూర్వపు మట్టిగోడల పెంకుటిండ్లు ఇంతకంటె విశాలమైనవని తలపరాదు. అర్రలు చీకటిగను చిన్నవిగను నుండెడివి. కాని రెండు మూరల మందముగల గోడలో గూళ్లుండెడివి. దీపము, దువ్వెన, కాటుకభరిణె అందు నిలిచెడివి. పైన అటక, గోడకు చిలుకకొయ్యలు, అడ్డముగా దండెము. నులకమంచమును తెల్లవారగనే గోడకు నిలువుగా చేర్చిన, పగలంతయు గది ఖాళీయే. పడక యనునది రాత్రి పఱచి పగలు తీయునది. నేడు గోడ యిటుకది. నడిమిగోడయైనచో నాలుగున్నర అంగుళములే. అందు గూడు తొలువ వీలులేదు. మంచమో, పెండ్లినాడు దించినచోట నది బిడ్డల పెండ్లివఱకు కదలదు.

ఇచ్చట నొక మాట నిర్మొగమాటముగ చెప్పవలెను. మన పడకగదులను ఇరుకుచేయునది సారె. ఆడపిల్ల తండ్రి అప్పుచేసి మంచము, పరుపు, బీరువా, అద్దపుబల్ల కొనును. వానిని బండిపై ఊరివారందఱు చూచునట్లు పంపుదురు. అవి చూపునకు తగిన కొలతతో కొనబడును గాని, వేయబోవు గది కొలత నెవ్వరును అడుగరు. వియ్యాలవారింటికి నూలుత్రాడుతో కొలత తెచ్చుకొన్న తండ్రిని మేమింతవఱకు చూడలేదు! తరువాత ఆ సామానులలో ఏ యొక్కటి కదిపినను పుట్టింటివారిని తక్కువ చేసినట్లు తోచును. మన సోదరి తీసివేయలేకపోవుటకు కారణమిదియే యని ఆమె వ్రాయకయే మాకు తెలియుచున్నది. అందుచే ఆమె మంచమును బీరువాను మేము వెలివేయము. ఉన్నచోటనే సర్దుదము.

మొదట నడచు త్రోవ. పాలకుర్తి సోమేశ్వర లక్ష్మీనరసింహుల కొండకు బోయిన వారందఱు వినిన కథయే: కొండ చుట్టు ప్రదక్షిణము చేయలేని యొక ముదుసలి భక్తురాలికొఱకు స్వామి కొండనే చీల్చి దారి యిచ్చెనని చెప్పుదురు. స్వామియే కొండను చీల్చి యొక్క మనిషి నడుచుటకు చోటిచ్చినప్పుడు, మనము బీరువానొక మూర జరుపలేమా?

సామానులు మోయుటకు ముందు గదినంతయు నొకసారి ఊడ్చి, సుద్దముక్కతో నేలపై గీతలు గీయుడు. వీపు నొప్పి పుట్టకుండ పది విధముల మార్చి చూచుకొనవచ్చును. మన సోదరి తలుపు 9 అడుగుల గోడకు ఒక చివర నున్నదనియు, కిటికీ 10 అడుగుల గోడకున్నదనియు, తలుపు తీసిన నాగోడకే ఆనుననియు వ్రాసిరి. ఆ కొలతలకు మేము గీసిన పటమిది. కిటికీకి ఎదుటనున్న 10 అడుగుల గోడవెంట మంచము పొడవుగా వేయవలెను. తలవైపు తలుపులేని గోడను చేరవలెను. దోమతెర అంచు పరుపుక్రింద దోపుటకు గోడకు నాలుగు వ్రేళ్ల సందు విడువవలెను. కాళ్లవైపు అదే గోడకు మూడున్నర అడుగుల చోటు మిగులును. 3 అడుగుల బీరువా అందు సరిగా నిలుచును. దాని తలుపులు మంచమునకు తగులక గదివైపు తెరచుకొనును. వానకాలమున గోడచెమ్మ ఇనుమునకు పట్టకుండ బీరువా వెనుక మూడంగుళములు వదలుడు. పైభాగమును చిన్న ఇనుపకోణముతో గోడకు బిగింపుడు. తెరచిన బీరువా అరలనెక్కు పసివారిపై అది పడిన ప్రమాదములు వినుచునే యున్నాము.

ఇక కిటికీవైపు 4 అడుగుల వెడల్పున గది పొడవంతయు ఒక్కటే చోటుగా దొరకినది. ముక్కలన్నియు నొకచోట చేరినవి. రాత్రి యందు ఆఱడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుగల మడతమంచము తలవైపుగా వేసినను, ప్రక్కన ఒకటిన్నర అడుగు త్రోవయుండును, తలుపును తెరచుకొనును. పగలు మంచము మడచి గోడకు నిలుపవచ్చును.

అద్దపుబల్ల మాట. బీరువా తలుపునకే నిలువుటద్దముండగా రెండవ యద్దమేల? బల్లనుండి యద్దమును మరలు విప్పి తీసి, ముందుగదిలో గోడకు తగిలింపుడు. మిగిలిన 2 అడుగుల బల్ల, బీరువాకును తలుపునకును నడుమ నున్న గోడకు చక్కగా నమరును. అది పిల్లకు చదువుబల్ల యగును. కిటికీ వెలుతురు ప్రక్కనుండి పడును. తల్లి పెండ్లినాటి బల్లపై కూతురు పదవతరగతి పరీక్షలకు చదువుకొనుచున్నదని తాతగారికి తెలిసిన, వారు చిన్నబుచ్చుకొందురా?

సందూగ కష్టమైనది. అది ఎత్తయినది గనుక మంచముక్రింద దూరదు. దానిని ముందుగదిలో అత్తగారు పడుకొను మంచము ప్రక్కనుంచి, పైన మడచిన బొంత పఱచిన కూర్చుండుటకు పీఠముగ నుండును. కాని కోడలు తనంతట దానిని జరుపరాదు. ముందుగా అత్తగారితో, “అత్తమ్మా, నీ సందూగ నీ మంచము దగ్గఱనే యుంచుకొందువా?” యని యడుగవలెను. అందులో నేమున్నదో మనకు తెలియదు. భూమి పాసుపుస్తకముండవచ్చును, చనిపోయిన భర్త ధోవతి యుండవచ్చును. ఇంట నామెకు తాళముగల చోటు అదియొక్కటియే. తాళపుచెవి ఆమెయొద్దనే యుండవలెను. సర్దుటపేర పెట్టె తెరచుట మంచిది కాదు.

అన్నిటికంటె మమ్ము కలతపెట్టినది పిల్ల నేలపై పడుకొనుట. కట్లపాము రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చును. నేలపై నిద్రించువారినే అది యెక్కువగా కాటువేయును. ఆ కాటు నొప్పి యంతగా తెలియదు. వాపును అంతగా నుండదు. తెల్లవారి కడుపునొప్పియనో, కనురెప్పలు వాలుచున్నవనియో చెప్పువఱకు తల్లికి తెలియకపోవచ్చును. ఎలుకలున్నచోటికి పాములు వచ్చును. మంచముక్రింద గోనెసంచులు, పాతగుడ్డలు, పగిలిన బిందెలు క్రుక్కిన ఎలుకలకు మనమే గూడు కట్టినట్లు. అందుచే మంచముక్రింద మూతగల రేకుపెట్టెలు తప్ప మఱేమియు నుంచకుడు. వానిని వారమునకొకసారి బయటికి లాగి ఊడ్వుడు. పడకకు దోమతెర కట్టి అంచులు దోపుడు. కాటు అనుమానమైనను వెంటనే ప్రభుత్వవైద్యశాలకు పోవలెను. విషమునకు విఱుగుడు సూది అచ్చట దొరకును. గాయమును కోయుట, బిగించి కట్టుట, మంత్రగానికొఱకు వేచియుండుట కూడదు.

ప్రత్తి సంగతి. పంట ఇంట చేరుట యెంత విలువైనదో పాలకుర్తివారికి మేము చెప్పవలెనా? చాకలి ఐలమ్మ దొరల మనుష్యులకు దక్కనీయక, సంఘమువారి తోడ్పాటుతో తన పంటను తన యింటికి చేర్చుకొన్న యూరది. కాని ప్రత్తికి పడకగది తగదు. దుమ్ము, దురద, దగ్గు దానితోపాటు వచ్చును. ఒక్క నిప్పురవ్వ చాలును. రైతులు ప్రత్తి నింటనుంచుట మంచిధర కొఱకు మాత్రమే కాదు. ప్రభుత్వపు కాటన్ కార్పొరేషన్ మద్దతుధరకు కొనునప్పుడు తేమ నూటికి 8 పాళ్లు మించినచో ధర తగ్గును, 12 దాటినచో కొననేకొనదు. కావున ఆరబెట్టుట తప్పదు. ఆరిన ప్రత్తిని పశువులపాక ప్రక్కనైనను, ముందుగదిలో నొక మూల చెక్కలపైనైనను ఉంచి టార్పాలిను కప్పుడు. ఇంకెచ్చటను చోటులేక పడకగదిలోనే ఉంచవలసి వచ్చిన, ఆ నాళ్లలో అందెవ్వరును పడుకొనక ముందుగదిలో సర్దుకొనుట మేలు. దీపము, దోమలచుట్ట, చుట్టబీడీలు ఆ గడపలోపలికి రాకూడదు.

ఇల్లింకను కట్టుచున్న సోదరీమణులు పూతపని కాకముందే మేస్త్రీతో చెప్పి, తలుపుపైన 7 అడుగుల ఎత్తున రెండడుగుల వెడల్పుగల సిమెంటు అటక వేయించుకొనుడు. బొంతలు, చలిదుప్పట్లు, పండుగ గిన్నెలు అందు పోవును. మంచమునకు తలపై మాత్రము అటక వలదు. ఒక గోడకు కడప బండలతో అడుగు లోతుగల అరలు పెట్టించిన, రెండవ బీరువా కొనవలసిన పని తప్పును. అంతకంటె లోతైన అరలో వెనుకబడిన చీరను సంవత్సరమునకొకసారి మాత్రమే చూతుము.

బట్టలలో పురుగు పట్టకుండ ఎండిన వేపాకు చాలును. పసిబిడ్డల బట్టలలో నాఫ్తలీను గోళీలు వేయకుడు. ఆ యావిరి కొందఱు శిశువుల రక్తమును క్షీణింపజేసి కామెర్లు తెచ్చును.

సోదరీ, మీ యుత్తరమున మడతమంచమునకు ఈ యేడు డబ్బు లేదని చివర నొక పంక్తి చేర్చితిరి. అటక, అరలు, అద్దము, అన్నియు ఆగవచ్చును. ఇంట నులకమంచమొకటి యుండియే యుండును. లేకున్న అత్తగారి పుట్టింటనో, పొలముదగ్గఱనో యుండును. నులక వదులైన బిగించి, ఈ రాత్రికే దానిని పిల్లకు వేయుడు. బల్లమీది యద్దమును రేపు విప్పవచ్చును.