రేపటి ముగ్గు వేరేగా ఉండాలి

పిల్లల బొమ్మల ప్రస్తావన వస్తే తల్లిదండ్రుల నోట రెండు మాటలే వినపడతాయి. "మావాడికి చెయ్యి తిరగదండీ" అనేది ఒకటి. "మా అమ్మాయికి పుట్టుకతోనే వచ్చిందండీ" అనేది రెండోది. తీరా చూస్తే రెండింటి సారాంశమూ ఒకటే: సాధన దండగ. రానివాడికి ఎలాగూ రాదు, వచ్చినదానికి అక్కర్లేదు. ఈ సందులో వ్యాపారం మాత్రం బాగా సాగుతోంది. 48 రంగుల పెట్టె, ఖరీదైన కాగితం, ఆదివారం వర్క్‌షాపులో గంటన్నరకల్లా తయారయ్యే కాన్వాసు. కాన్వాసు హాల్లో గోడకెక్కుతుంది, రంగుల పెట్టె అటకెక్కుతుంది.

మన ఇళ్ళలో బొమ్మల బడి ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది. దానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. బహుశా అందుకే మనకు ఆనదు. నెల పట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా వాకిట్లో ముగ్గు వేసే మనిషిని గమనించండి. వాకిలి అదే, పిండి అదే, పిండి జార్చే రెండు వేళ్ళూ అవే. ముగ్గు మాత్రం మారాలి. నిన్నటిదే ఇవాళా వేస్తే ఎదురింటావిడ అనకుండా ఊరుకోదు. (ఆవిణ్ణి మించిన కళావిమర్శకులు మన పత్రికల్లో తక్కువే.)

ఆ ముగ్గులో ఎంత లెక్క ఉందో చూడండి. పదిహేను చుక్కలు పెట్టి, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గిస్తూ సందు చుక్కలతో ఎనిమిదికి వస్తే ఒక ఆకారం. అన్ని వరుసల్లోనూ పదిహేనే పెడితే మరో ఆకారం. చుక్కలు కలిపే ముగ్గులో చుక్క గీతలో కలిసిపోతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరగాలి, మళ్ళీ బయల్దేరిన చోటికి చేరాలి. ఒక మూల మెలిక తప్పిందా, వీధి మొత్తానికి తెలిసిపోతుంది. గట్టిగా పట్టుకుంటే పిండి రాలదు, వదులుగా పట్టుకుంటే గీత లావెక్కుతుంది. డిజైన్ కాలేజీల్లో గ్రిడ్ అనీ, సిమెట్రీ అనీ, ఖాళీ జాగాను వాడుకోవడమనీ పేర్లు పెట్టి లక్షల ఫీజుతో చెప్పే మొదటి పాఠాలు ఇవే.

ఇంకో సుగుణముంది. తెల్లారితే ఆ ముగ్గు చీపురుకు పోతుంది. దాచుకునేది కాదు కాబట్టి చెడిపోతుందన్న భయం ఉండదు. కొత్తగా నేర్చుకునేవారి చేతిని బిగబట్టేది ఆ భయమే. నాలుగు వందల రూపాయల కాగితం ముందు పెడితే ఏ పిల్లవాడు ధైర్యంగా గీత గీస్తాడు? పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలు ఇవ్వండి, వాడి గీత చూడండి.

గుమ్మం ముందు అంటించే స్టిక్కరు ముగ్గుల మీద, పిండి పోసి దొర్లించే చిల్లుల గొట్టాల మీద నాకు కోపం లేదు. పొద్దున్నే ఆఫీసు బస్సు పట్టుకోవాల్సినవాళ్ళకు అవి సుఖం. వాకిట్లో ముగ్గు పడుతుంది. చేతికి మాత్రం ఏమీ రాదు, అంతే.

రోజూ చేసినంత మాత్రాన వస్తుందా అంటే, రాదు. రుజువు కావాలంటే ఏ తెలుగు పెద్దమనిషికైనా కాగితం ఇచ్చి బొమ్మ వెయ్యమనండి. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. రెండో తరగతిలో వేసిందే యాభయ్యో ఏట కూడా వేస్తాడు. ఆ కొబ్బరిచెట్టును ఎన్నిసార్లు వేసినా పెరట్లో ఉన్న చెట్టును ఒక్కసారీ తలెత్తి చూడలేదు. మట్ట ఎక్కడ వంగుతోందో, కాండం మీద చారలు ఎలా ఉన్నాయో చూసి వేస్తే వారం తిరిగేసరికి ఆ చెట్టు మారిపోతుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ చూపుకు పరీక్ష ఇంకా కఠినం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి ఆరబెడతారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. కాల్చిన చింతపుల్లతో నమూనా గీస్తారు. అక్కడిదాకా తప్పు దిద్దుకోవచ్చు. ఆ తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళలో వెదురు కలం ముంచుతారు. కలానికి చుట్టిన గుడ్డ ఆ నీళ్ళు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే దిగుతుంది. కరక్కాయ తగలగానే గీత నల్లబడి ఉండిపోతుంది. చెరపడం కుదరదు. అందుకే అక్కడ కళ్ళు, ముక్కు, వేళ్ళు విడివిడిగా చెయ్యి తిరిగేదాకా గీసి గీసి కానీ నిండు బొమ్మకు రారు.

కాగితం మీద ఇలాంటి క్రమశిక్షణ చూడాలంటే పాత చందమామలు తిరగెయ్యండి. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివిన శంకర్ 1952లో ఆ పత్రికలో చేరి దాదాపు అరవై ఏళ్ళు బొమ్మలు వేశారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. బేతాళుడి ప్రశ్న నెలనెలా మారినట్టే కథలో రాజు, నగరం, నగలు, గుర్రం, కిటికీ కమ్మీ కూడా మారాలి. ప్రెస్సుకు వెళ్ళే తేదీ మాత్రం మారదు. మూడ్ బాగాలేదని వాయిదా వేసుకునే వెసులుబాటు అలాంటి ఉద్యోగంలో ఉండదు. ఆయన ప్రతిభ గురించి అందరూ మాట్లాడతారు కానీ, ఆ తేదీకి దక్కాల్సిన వాటా ఎవరూ ఇవ్వరు.

కాబట్టి నేర్చుకోవాలనుకునేవాళ్ళకు నా సలహా చిన్నది. ఒక నోటుబుక్కు, ఒక బాల్‌పెన్ను, రోజుకు ఇరవై నిమిషాలు. రబ్బరు వద్దు. ఒక నెల మొత్తం ఒకే వస్తువు తీసుకోండి: ఇంట్లో చెప్పులో, వంటింటి గిన్నెలో, మీ పేరులోని అక్షరాలో. రోజూ ఏదో ఒకటి మార్చండి. ఒకరోజు పైనుంచి చూసి, మర్నాడు నీడ మాత్రమే, ఇంకోనాడు పెన్ను ఎత్తకుండా. వేసింది ఎవరికో ఒకరికి చూపించండి, ఎదురింటావిడ లాంటి మనిషైతే మరీ మంచిది. ఫోన్లో పెట్టి లైకులు లెక్కపెట్టుకోవడం ఆ కిందకు రాదు.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. చాలా బళ్ళలో డ్రాయింగ్ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారి చేతికి పోతుంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్ళినప్పుడు మార్కులతో పాటు ఆ పీరియడ్ ఏమైందో కూడా హెడ్మాస్టరుగారిని అడగండి.